మన గొడ్డుకు పేరు లేదా, మీ శాస్త్రానికి చూపు లేదా?

పశువైద్య పరిశోధన అనగానే మనోళ్లు చాలామంది "ఇది మన ఉద్యమం విషయం కాదులే" అనుకుంటారు. భూమి మనది, అడవి మనది, పశువుల ఆసుపత్రి మాత్రం సర్కారుది అన్నట్టు. మిత్రులారా, గూడెంలో ఏ పశువు మిగలాలి, ఏది కనుమరుగవ్వాలి, ఏ రోగానికి టీకా రావాలి, ఏ రోగానికి మనల్నే తిట్టాలి అన్నవి ఎక్కడో పరిశోధనా సంస్థల్లో, బడ్జెట్ కాగితాల మీద తేలిపోతున్నాయి. ఆ బల్ల దగ్గర మనకు కుర్చీ లేదు. ఇది మన విషయం కాకపోతే ఇంకేది మన విషయం?

ముందు ఒక్క మాట గురించి చూద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గోజాతి పశువులు 19.25 కోట్లు. అందులో దేశవాళీవీ, 'నాన్‌డిస్క్రిప్ట్'వీ కలిపి 14.21 కోట్లు. నాన్‌డిస్క్రిప్ట్ అంటే ఏ జాతి లెక్కలోకీ రాని పశువు. మన గూడేల్లో మేసే మందల్లో ఎక్కువ భాగం ఈ ఖాతాలోనే రాసుకుంటారు. 2012 లెక్కతో పోలిస్తే ఈ దేశీ పశువులు 6 శాతం తగ్గాయి. విదేశీ, సంకరజాతి పశువులు దాదాపు 27 శాతం పెరిగి 5.04 కోట్లకు చేరాయి. ఆఫీసుల్లో దీన్ని ప్రగతి అంటారు. ఎందుకంటే అక్కడ కొలమానం ఒక్కటే: రోజుకు ఎన్ని లీటర్లు?

మన ఇంటి ఆవును లీటర్లతో కొలవడమేంటి? మనలో చాలా తెగల్లో పాలు పితికే అలవాటే లేదు. తల్లి పాలు లేగకి. ఆవు మనకు దుక్కిటెద్దును కంటుంది. చేనుకి పెంట ఇస్తుంది. రాళ్ల గుట్ట మీద, ట్రాక్టర్ ఎక్కని వాలు మీద కాడి లాగేది ఆ పొట్టి ఎద్దే. కొన్న దాణా అడగదు, అడవిలో మేసొస్తుంది. కష్టకాలంలో సంతకు తోలితే నాలుగు డబ్బులొస్తాయి. పండగలో, పెళ్లిలో, చావులో దాని చోటు దానికుంది. ఇన్ని పనులు చేసే పశువును పట్టుకుని "ఉత్పాదకత తక్కువ" అని రాస్తున్నారు. మీ లెక్కల పుస్తకంలో పాల గడి ఒక్కటే ఉంటే అది మా ఆవు తప్పా?

నల్లమలలో అమ్రాబాద్ పొడ తూర్పు పశువులు తెలుసు కదా. ఒంటి మీద పొడలు, అంటే మచ్చలు ఉంటాయి. లంబాడా రైతులు తరతరాలుగా ఆ మందల్ని అడవిలో మేపుతున్నారు. వాటికి జాతిగా గుర్తింపు 2020లో వచ్చింది. తెలంగాణ నుంచి నమోదైన మొదటి గోజాతి అదే. ఆలోచించండి, ముందు ఏడాదికీ ఆ ఏడాదికీ ఆ ఆవులో ఏం మారింది? ఏమీ మారలేదు. చూసేవాడు వచ్చి చూశాడు, అంతే. మల్కన్‌గిరి వైపు ఉండే మోటు పశువులూ అంతే. చిన్న ఒళ్లు, గట్టి కాళ్లు, దుక్కికి పెట్టింది పేరు. అదీ ఇప్పుడు నమోదైన జాతే. కాబట్టి నాన్‌డిస్క్రిప్ట్ అంటే జాతి లేని పశువని కాదు. చాలాసార్లు దాని అర్థం, ఇంతవరకూ ఎవరూ వచ్చి చూడలేదని.

చూడకుండా చేసిన 'అభివృద్ధి' ఎలా ఉంటుందో ఒడిశాలోని నువాపడా జిల్లా కోమ్నా ప్రాంతాన్ని అడగాలి. జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో ఆ కథ రాశారు. పేదలకు ఆవులిచ్చారు, జెర్సీ వీర్యంతో సంకరం చేయించాలన్నారు. జాతి కలుషితం కాకూడదని చుట్టుపక్కల దేశీ ఆంబోతులన్నిటికీ వట్టలు కొట్టించారు. రెండు కోట్ల రూపాయలు పోశారు. రెండేళ్లలో పుట్టినవి ఎనిమిది సంకర దూడలు. పాలు పెరగలేదు. ఆ నేలకు తగ్గ ఖరియార్ జాతి మాత్రం ఆ ప్రాంతంలో దెబ్బతిన్నది. తర్వాత కాలంలో అదే ఖరియార్‌ను జాతిగా నమోదు చేసుకున్నారు. ముందు వట్టలు కొట్టడం, తర్వాత సర్టిఫికెట్ ఇవ్వడం!

"అది పాత కథ, ఇప్పుడు దేశీ జాతుల కోసం రాష్ట్రీయ గోకుల్ మిషన్ ఉంది" అంటారు. ఉంది, 2014 నుంచి ఉంది. దాని కింద లింగ నిర్ధారిత వీర్యానికి సబ్సిడీ ఇస్తున్నారు. ఆ వీర్యంతో పుట్టే దూడల్లో 90 శాతం దాకా పెయ్యలే. డెయిరీ నడిపేవాడికి ఇది వరమే, కాదనను. కోడెదూడ వాడికి బరువు. మనకు మాత్రం కోడె అంటే రేపటి నాగలి. కోడె పుట్టకూడదన్నది ఎవరి కోరిక? ఆ కోరిక మీద పరిశోధన ఎవరి కోసం జరిగింది? శాస్త్రం అబద్ధం చెప్పిందని నేననట్లేదు. అది జవాబిచ్చిన ప్రశ్నను మనం అడగలేదు అంటున్నా.

ఇక రోగాల సంగతి. ఇక్కడ ప్రాణాలే పోతున్నాయి.

ముద్ద చర్మ వ్యాధి, లంపీ అంటున్నారే, అది ఈ దేశంలో మొదట బయటపడింది 2019 ఆగస్టులో, ఒడిశాలో. సంతాల్‌ల గడ్డ మయూర్‌భంజ్ ఆ మొదటి జిల్లాల్లో ఒకటి. తర్వాత జార్ఖండ్. హిసార్, ఇజత్‌నగర్ శాస్త్రవేత్తలు చేసిన లంపీ ప్రోవాక్ ఇండ్ టీకాకు మూలమైన వైరస్ 2019లో రాంచీలో దొరికిందే. 2022లో రాజస్థాన్, గుజరాత్ పాల జిల్లాల్లో ఆవులు కుప్పలుగా చచ్చాయి. దేశం మొత్తం మీద లక్షకు పైగా పోయాయి. అప్పుడు టీవీలన్నీ మోగాయి. ఆ ఏడాది ఆగస్టు 10న టీకా విడుదల చేశారు. టీకా తయారీకి ఏళ్లు పడుతుంది, ఆ శాస్త్రవేత్తల శ్రమకు దండం. కానీ మన తూర్పు అడవుల్లో రోగం తిరిగిన మూడేళ్లూ ఇది జాతీయ విపత్తు ఎందుకు కాలేదు? శాంపిల్ మన పశువుది, అత్యవసరం మాత్రం పాల పట్టీదా?

దొమ్మ రోగం, ఆంత్రాక్స్, ఇంకా ఘోరం. విశాఖ మన్యంలో, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పక్కనే కోరాపుట్‌లో ఇది పదే పదే వస్తోంది. పశువు చస్తుంది, కోసుకుతిన్నవాళ్ల చేతుల మీద నల్లటి పుళ్లు లేస్తాయి, మనుషులు ఆసుపత్రి పాలవుతారు. మర్నాడు పేపర్లో ఏం వస్తుంది? "చచ్చిన గొడ్డు మాంసం తిన్న గిరిజనులు." తప్పంతా మన పళ్లెం మీదికి తోసేస్తారు. ఈ క్రిమి బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి. ఒకసారి వచ్చిన చోట మళ్లీ వస్తుందని ప్రతి పశువైద్యుడికీ తెలుసు. దానికి టీకా ఉంది, పాత టీకా, ఖరీదైంది కూడా కాదు. రోగం వచ్చిన గూడేల్లో, చుట్టుపక్కల, ఏటా వానలకు ముందే వేయాలి. అది వేయకుండా వదిలేసి, మన ఆకలినీ మన తిండినీ అజ్ఞానం అంటారు. ఏటా టీకా అందని ఊళ్లో అజ్ఞానం ఎవరిది?

మనమూ ఒక జాగ్రత్త పాటించాలి, అందరికీ చెప్పాలి. నిన్నటిదాకా బాగున్న పశువు ఉన్నట్టుండి చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కులోంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్ల రక్తం కారితే దాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు. కోస్తే గాలి తగిలి బీజాలు పుడతాయి, మట్టిలో చేరతాయి. కబురు చేయండి, లోతుగా పూడ్చండి లేదా కాల్చండి. ముట్టుకున్న మనిషికి పుండు లేస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

"గుట్టల మీదికి ఐస్ బాక్స్ ఎలా మోస్తాం?" అని ఆఫీసర్లు అంటారు. నిజమే, గాలికుంటు టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కానీ వీర్యం గొట్టాలు ఉండాల్సింది మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో. సంకర ఆవుల్ని ఎక్కువగా పట్టే థైలేరియా రోగానికి చేసిన టీకా కూడా ద్రవ నత్రజనిలోనే ఉండాలి. పాల కోసమైతే ఆ క్యాన్లు, వాటిని మోసే ఏర్పాటు, ఊరూరికీ గోపాలమిత్రలు అన్నీ వచ్చాయి. గాలికుంటు, బ్రూసెల్లా నివారణకు 2019లో కేంద్రం 13,343 కోట్ల పథకం ప్రకటించింది. డబ్బు లేదనకండి. దారి లేదనకండి. ఎటు నడవాలో ముందే తేల్చుకున్నారు, అంతే.

ఇంకో దారి ఉందని ప్రపంచం ఒకసారి చూసింది. రిండర్‌పెస్ట్ అనే మహమ్మారి వేల ఏళ్లు పశువుల్ని ఊడ్చేసింది. టీకా ఉంది, కానీ చల్లగా ఉంచాలి. తూర్పు ఆఫ్రికా ఎడారుల్లో పశుపోషకుల దగ్గరికి చేరేది కాదు. అప్పుడు జెఫ్రీ మెరినర్ లాంటి శాస్త్రవేత్తలు ప్రశ్నను తిప్పి అడిగారు: ఫ్రిజ్ చేరని చోటికి తగ్గ టీకా ఎందుకు చేయకూడదు? వేడిని తట్టుకునే టీకా చేశారు. ఇథియోపియా అఫార్‌లో, ఉగాండా కరమోజాలో ఆ పశుపోషకుల్లోంచే మనుషుల్ని ఎంచి, నేర్పించి, సూది వాళ్ల చేతికే ఇచ్చారు. డిగ్రీ ఉన్న డాక్టర్ వెళ్లలేని చోటికి వాళ్లు నడిచి వెళ్లారు. 2011లో ఆ రోగం భూమ్మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రెండో రోగం అది. అంచున ఉన్నవాణ్ని మధ్యలో పెట్టుకుంటే శాస్త్రం ఏం చేయగలదో అది చూపించింది.

"మీకు పాలొద్దా? ఆదాయమొద్దా? పిల్లలకు పోషణ వద్దా?" అని అడిగేవాళ్లుంటారు. కావాలనుకున్న ఇంటికి ఇవ్వండి, ఎవరు కాదన్నారు? కానీ పచ్చిమేత ఎక్కడిది, వేసవిలో నీళ్లెక్కడివి, పాలు కొనే కేంద్రం ఎన్ని కిలోమీటర్లు, జ్వరమొస్తే డాక్టర్ ఎప్పుడొస్తాడు, ఈ నాలుగూ అడగకుండా అప్పుతో పాడి యూనిట్ అంటగడితే ఆవు చస్తుంది, అప్పు బతుకుతుంది. మనం వద్దనేది పాలను కాదు, మనల్ని అడగకపోవడాన్ని.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి.

ఒకటి: షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ పశు పథకమైనా, ఏ సంకర కార్యక్రమమైనా పెసా చట్టం ప్రకారం ముందు గ్రామసభ ఆమోదం పొందాలి.

రెండు: దొమ్మ, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే గూడెం దాకా రావాలి. ఏ గూడెంలో ఎన్ని వేశారో గ్రామసభలో చదివి వినిపించాలి.

మూడు: ప్రతి గూడెం నుంచి ఇద్దరు యువతీయువకులకు టీకాలు వేయడం నేర్పించి జీతమివ్వాలి. గోపాలమిత్ర వీర్యం మోసినట్టు, వీళ్లు టీకా మోస్తారు.

నాలుగు: మన పశువుల మీద, మేకల మీద, నాటుకోళ్ల మీద సర్వే జరగాలి. మన సమ్మతితో, మన పేర్లతో జరగాలి. జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(కె)లో రాసి ఉంది.

ఐదు: మేత హక్కు. అదే చట్టం సెక్షన్ 3(1)(డి)లో ఉంది. టైగర్ రిజర్వ్ పేరుతో మందల్ని అడవిలోంచి తరిమేసి, ఆ జాతిని కాపాడతామంటే ఎవరు నమ్ముతారు? అడవి లేకపోతే పొడ తూర్పూ లేదు, మోటూ లేదు.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వెటర్నరీ కాలేజీల్లో సీట్లు తెచ్చుకోండి. అక్కడ కూర్చుని, "ఈ పరిశోధన ఎవరడిగితే చేస్తున్నారు సార్?" అని అడగండి. ఈలోగా ఇక్కడున్నవాళ్లు ఈ వారమే ఒక పని చేయండి. మీ గూడెంలో పశువులెన్ని, పోయిన ఏడాది ఎన్ని చచ్చాయి, ఏ టీకా ఎప్పుడు వేశారు, ఒక నోటుబుక్కులో రాయండి. ముసలోళ్లు ఏ ఆవును ఏ పేరుతో పిలుస్తారో కూడా రాయండి. వాళ్ల పట్టికలో పేరు లేని మన గొడ్డుకు మన భాషల్లో ఎప్పటినుంచో పేరుంది.

జోహార్!