చల్లని గది, మంచి గాలి

వేసవికాలం సమీపించగానే మన ఇళ్లలో పెద్ద సన్నాహమే మొదలవుతుంది. అటక మీది కూలరు కిందికి దిగుతుంది. ఏసీ మెకానిక్కుకు కబురు వెళుతుంది. కిటికీలకు పరదాలు పడతాయి. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిందన్న వార్త విన్నవారెవరూ ఈ సన్నాహాన్ని తప్పుపట్టలేరు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కనుక ఎండవేడిమి నుండి ఇంటిని కాపాడుకోవడం విలాసమని అనలేము. అయితే ఈ ప్రయత్నంలో మనం ఒక పొరపాటు చేస్తున్నాము. గది చల్లబడితే అందులోని గాలి కూడా బాగుపడిందని భావిస్తున్నాము. చల్లదనం కోసం గాలినే బలిపెట్టడం నేటి మన గృహజీవనంలోని దోషమని నా అభిప్రాయం.

ఇళ్లలో సాధారణంగా అమర్చుకొనే స్ప్లిట్ ఏసీ బయటి నుండి గాలిని తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, తిరిగి గదిలోకే వదులుతుంది. బయటి గోడకు బిగించిన పెట్టె వెలుపలికి పంపేది వేడిని మాత్రమే. ఈ సంగతి చదువుకొన్నవారిలో సైతం చాలామందికి తెలియదు. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. నలుగురు నిద్రించే గదిలో తలుపులు బిగించి, తలుపు కింది సందులో పాతగుడ్డ కుక్కి పడుకొంటే తెల్లవారేసరికి అది వెయ్యి పాళ్లు దాటడం సర్వసాధారణం. ఉదయం తల బరువుగా ఉన్నదని బాధపడేవారు దానికి ఎండను నిందిస్తారే కాని, మూసిన కిటికీని నిందించరు.

మూసిన ఆ గదిలోనే దోమల కోసం కాయిల్ వెలిగించేవారూ ఉన్నారు. ఒక్క కాయిల్ కాలినప్పుడు వెలువడే సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్లు కాల్చినప్పుడు వెలువడే దానితో సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఇంటిలో ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే వసారాలోకి పొమ్మని గద్దించే తల్లి, అదే ఇంటిలో పసిబిడ్డ మంచం కింద కాయిల్ పెట్టి నిశ్చింతగా నిద్రిస్తుంది. ఆమెను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పొగ కంటే దోమే ఆమెకు ప్రత్యక్షశత్రువు. కాని కిటికీకి సన్నని జాలీ బిగించుకొంటే దోమ లోపలికి రాదు, గాలి ఆగదు.

కూలరు పద్ధతి ఏసీకి పూర్తిగా వ్యతిరేకమైనది. అది బయటి పొడిగాలిని తడిపి చల్లబరుస్తుంది. అందుచేత లోపలికి వచ్చిన గాలి వెళ్లిపోవడానికి ఎదుటి గోడలో ఒక కిటికీ తెరచి ఉండాలి. లేకుంటే గదిలో తేమ పెరిగి ఉక్క ఎక్కువవుతుంది. అనంతపురంలో చక్కగా పనిచేసిన కూలరు మచిలీపట్నంలో పనిచేయకపోవడానికి కారణం యంత్రలోపం కాదు, సముద్రతీరపు గాలిలో అప్పటికే నిండి ఉన్న తేమ. కూలరు తొట్టిలోని నీటిని వారానికొకసారైనా పూర్తిగా పారబోసి, తొట్టిని తోమి ఆరనివ్వాలి. ఆ పని మానితే డెంగీ దోమను మనమే పెంచినవారమవుతాము.

ఇట్టి చర్చ వచ్చినప్పుడల్లా మండువా లోగిళ్లను, వట్టివేళ్ల తడికలను తలచుకొని నిట్టూర్చడం మనవారికి అలవాటు. ఆ ఇళ్లలో గాలి ధారాళంగా ఆడిన మాట నిజమే. కాని అదే ఇంటి పెరటివైపున, పిడకల పొగలో ఊదుగొట్టం పట్టుకొని కళ్లు తుడుచుకొన్న ఇల్లాలిని ఆ ప్రశంసలలో ఎవరూ స్మరించరు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం గ్రామీణ మహిళలకు గ్యాస్ కనెక్షన్లు అందించిన తరువాత ఆ పొగ చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం అనలేము. గ్యాస్ మంట నుండి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బాణలిలో మరిగే నూనె నుండి లేచే పొగ సరేసరి.

నేను కొంతకాలం విజయవాడలో ఒక పోర్షనులో అద్దెకు ఉన్నాను. ముందుగదికి రెండు కిటికీలు ఉండేవి. వంటింటికి ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క ఇంటి గోడ చేతికి తగిలేది. వడియాలు వేయించినా, ఎండుమిరపకాయల తాలింపు పెట్టినా ఘాటు బయటికి పోయే దారి లేక ఇల్లంతా దగ్గేది. మేము ముందుగదిలో ఫ్యాను కింద కూర్చొని, "తలుపు వెయ్యి, ఘాటు వస్తున్నది" అనేవారము. తలుపు మూసిన తరువాత లోపల నిలిచి ఉన్నది మా అమ్మ. అప్పుడది మాకు తోచలేదు. ఎగ్జాస్టు ఫ్యాను పెట్టుకొంటామంటే గోడకు రంధ్రం చేయరాదని ఇంటి యజమాని అన్నాడు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి గది నేల వైశాల్యంలో పొడివేడి ప్రాంతాలలో పదోవంతు, తేమవేడి ప్రాంతాలలో ఆరోవంతు కిటికీలు ఉండాలని నిర్దేశించింది. కాగితం మీది కిటికీకి ఎదురుగా రెండడుగుల దూరంలో మరొక గోడ లేస్తే ఆ నియమం వల్ల ఒనగూడే ప్రయోజనం స్వల్పం. రేకుల కప్పు కింద ఒకే గదిలో వండుకొని, తిని, నిద్రించే కుటుంబాల స్థితి మరింత దయనీయం. అట్టివారికి కిటికీలు తెరవమని ఉపదేశించడం సులభం. ముందు కప్పు వేడి తగ్గాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించడం ఈ దృష్టితో హర్షణీయం. కప్పుకు తెల్లని పూత పూస్తే గది వేడి కొంత తగ్గుతుంది. కప్పు మండనప్పుడే తెల్లవారుజామున కిటికీలు తెరచి, ఎండ ముదిరిన తరువాత మూసి, సంధ్యవేళ మరల తెరచే పాత అలవాటు ఫలిస్తుంది.

అద్దె ఇంటి కోసం వెళ్లినవారు నీటి సౌకర్యం అడుగుతారు. ద్వారం ఏ దిక్కున ఉన్నదో చూస్తారు. బండి నిలుపుకొనే చోటు ఉన్నదా అని విచారిస్తారు. వంటింటిలోకి వెళ్లి కిటికీ రెక్క తెరచి, ఎదురుగా ఏమున్నదో చూచినవారిని నేను ఇంతవరకు ఒకరిద్దరిని మాత్రమే చూశాను. వారిద్దరూ స్త్రీలే.