రోట్లో నలిగిన నిమ్మకాయ

బ్రెజిల్ వాళ్లకి కైపిరీన్యా అనే పానీయం ఒకటుంది. పల్లెటూరి మనిషిని అక్కడ 'కైపిరా' అంటారు. ఆ మాటలోంచి ముద్దుగా పుట్టిన పేరిది. పచ్చి నిమ్మకాయని ముక్కలు కోసి, పంచదార వేసి, గ్లాసులోనే చిన్న కర్రతో నలుపుతారు. ఐసు ముక్కలు వేసి పైన కషాసా పోస్తారు. కషాసా అంటే చెరకు రసాన్ని పులియబెట్టి, బట్టీ పెట్టి తీసిన సారా. కైపిరీన్యా అంటే ఏమిటో 2003లో అక్కడి ప్రభుత్వం ఉత్తర్వులోనే రాసేసింది!

సారా పేరెత్తితే మన ఆడవాళ్లు చీపురు అందుకుంటారు. అందుకోవాల్సిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు తిరగబడితే, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. నాటుసారాకి ఊట వేసేదీ బెల్లంతోనే, అంటే అదీ చెరకు బిడ్డే. ఇంట్లో బట్టీ పెట్టడం నేరం. పైగా ఆ సీసాలో ఏం కలిసిందో తాగేవాడికి తెలియదు. మిథనాల్ కలిస్తే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. కాబట్టి కషాసాని బ్రెజిల్‌లోనే ఉంచేద్దాం. ఆ నలిపే పద్ధతి మాత్రం తెచ్చుకోదగ్గదే.

ఎందుకంటే, మనం నిమ్మకాయ పిండి తొక్క పారేస్తాం. పులుపు రసంలో ఉంటుంది గానీ వాసనంతా తొక్కలోని నూనెలో ఉంటుంది. పంచదార పలుకులో, బెల్లం తరుగో వేసి ఒత్తితే ఆ నూనె బయటికొచ్చి తీపిలో కలుస్తుంది. మరీ దంచితే మాత్రం తొక్క కింది తెల్లపొర చేదు దిగుతుంది. ఒత్తాలి, దంచకూడదు. తేడా అంతా అక్కడే.

పల్నాట ఎండల సంగతి కొత్తగా చెప్పాలా? వేసవి వస్తే పత్రికల్లో రెంటచింతల పేరు లేని వారం ఉండదు. నీటికీ కరవు పడ్డ సీమే. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో ఇక్కడి జొన్నకూటికీ నీళ్లకీ ఎన్ని దెప్పులో! 1967లో సాగర్ కాలువలకి నీళ్లొదిలాక చాలా ఊళ్ల రాత మారింది, ఎండ మాత్రం మారలేదు. అందుకే శ్రీరామనవమి పానకం ఒక్కరోజుతో సరిపెట్టుకోకూడదంటాను.

నలుగురికి లీటరు కుండనీళ్లు, వంద గ్రాముల బెల్లం, పలుచటి తొక్క ఉన్న రెండు నిమ్మకాయలు, నాలుగు మిరియాలు, రెండు ఏలకులు, చిటికెడు ఉప్పు చాలు. బెల్లం మరీ పసుపుపచ్చగా మెరుస్తుంటే కొనకండి. ఆ రంగు కోసం హైడ్రోస్ వాడేవాళ్లున్నారు. ముదురు రంగుదే మేలు. కాయల్ని కడిగి ఎనిమిదేసి ముక్కలు కోసి గింజలు తీసేయండి. చిన్న రోట్లో ముక్కలు, రెండు చెంచాల బెల్లం తరుగు, ఉప్పు వేసి అయిదారుసార్లు ఒత్తి, అయిదు నిమిషాలు వదిలేయండి. మిగతా బెల్లం నీళ్లలో కరిగించి, పలుచటి గుడ్డలో వడకట్టండి (ఇసుక ఉంటుంది మరి). అందులో నలిగిన ముక్కలు, దంచిన మిరియాలు, ఏలకులు కలిపి, పావుగంటలో మళ్లీ వడకట్టేయండి. ఆలస్యమైతే చేదెక్కుతుంది. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు, పులుపు పడదు.

నరసరావుపేట, మాచర్ల బస్టాండ్ల దగ్గర చెరకు బండివాళ్లు గడతో పాటు నిమ్మకాయ, అల్లం కూడా మరలో పెడతారే, అది ఒట్టి రుచి కోసం కాదు. తీసిన రసం గాలి తగిలి నల్లబడుతుంది. నిమ్మ పులుపు దాన్ని కొంత ఆపుతుంది. పులిసిపోవడాన్ని మాత్రం ఆపలేదు. ఈ ఎండకి కొన్ని గంటల్లోనే నురగ కట్టి వాసన మారిపోతుంది. కషాసా దారి మొదలయ్యేది అక్కడే! ఇంటికి పట్టుకెళ్లి రాత్రి తాగుదామనుకునే రసం కాదది. కళ్లముందు పిండించుకుని, ఐసు వద్దనండి. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికెరుక?

పానకం మందు కాదని కూడా చెప్పాలి. షుగరు ఉన్నవాళ్లకి బెల్లమైనా పంచదారైనా ఒకటే, వాళ్లకి ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి. విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో తలగొట్టి కొలిచి ఇవ్వాలి. ఎండలో పడిపోయి తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పోయకండి. నీడకి చేర్చి, ఒంటి మీద తడిగుడ్డలేసి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

వడకట్టాక మిగిలిన నిమ్మముక్కల్ని పారేయకుండా తగినంత ఉప్పు వేసి జాడీలో పెట్టి, పది రోజులు ఎండ చూపించండి. తొక్క మెత్తబడ్డాక కాస్త కారం కలిపితే మజ్జిగన్నంలోకి బావుంటుంది.