సీసాలోకి రాయి ఎక్కదు

ఫ్రాన్స్‌లోని షాబ్లీ వైన్ గురించి చెప్పేవాళ్లు ద్రాక్ష కంటే ముందు మట్టి సంగతి ఎత్తుకుంటారు. ఆ వైన్‌కు వాడేది షార్డొనే ద్రాక్ష ఒక్కటే. పేరున్న తోటల కింద ఉన్నది సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. సున్నపురాయి, బంకమట్టి కలిసిన ఆ కిమ్మెరిడ్జియన్ నేలను తవ్వితే కామా ఆకారంలో గోరంత ఆల్చిప్పల శిలాజాలు రాళ్లలో గుత్తులుగా అతుక్కుని కనిపిస్తాయి. ఆ వైన్‌లో రాతి రుచి, సముద్రపు వాసన అక్కడి నుంచే వస్తాయని ప్రచారం. కథ బాగుంది, కానీ మొక్క అలా బతకదు. వేరు పీల్చేది నీళ్లనూ, అందులో కరిగిన పొటాషియం, కాల్షియం వంటి పోషకాలనూ మాత్రమే. అవి వైన్‌లో చేరేది అతి స్వల్పం, రుచిగా నాలుకకు తెలిసేంత ఉండవు. బ్రిటన్ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే.

మరి నేలకు పనేమీ లేదా అంటే, ఉంది. తీగకు ఎప్పుడు ఎన్ని నీళ్లు అందాలో తేల్చేది అదే. బోర్డోలో జెరార్ సెగాన్ చేసిన పరిశోధనలో మేలైన తోటల నేలలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి, గులకరాళ్ల నేలా ఉంది, బంకమట్టీ ఉంది. వాటిని కలిపింది నీరు నిలవకుండా, కరువు రాకుండా సమంగా అందడమే. షాబ్లీలో బంకమట్టి తేమను పట్టి ఉంచితే పగుళ్ల సున్నపురాయి మిగులు నీటిని దించేస్తుంది. నీరు మితంగా అందితే తీగ ఆకులు పెంచడం ఆపి కాయ మీద పడుతుంది. షార్డొనేకు సొంత పరిమళం తక్కువ కాబట్టి ఈ తేడాలు దానిలో త్వరగా బయటపడతాయి.

అయితే ఒకే ఊళ్లో, ఒకే రకం ద్రాక్షతో చేసే అగ్రశ్రేణి గ్రాన్ క్రూకీ అడుగు శ్రేణి పెటీ షాబ్లీకీ అంత తేడా మట్టి వల్ల కాదా అని అడుగుతారు. గట్టి ప్రశ్నే. కానీ అక్కడ మట్టితో పాటు చోటు కూడా మారుతోంది. ఏడు గ్రాన్ క్రూ తోటలూ సెరాన్ నది కుడి గట్టున ఒకే కొండ వాలులో నైరుతి ఎండకు ఎదురుగా ఉన్నాయి. పెటీ షాబ్లీ ఎక్కువగా పై మైదానంలో, గాలికీ చలికీ దొరికే చోట పండుతుంది. అదే కిమ్మెరిడ్జియన్ నేల ఎండ సరిగా తగలని వాలులో ఉంటే దానికి మామూలు షాబ్లీ హోదాయే దక్కుతుంది. అదే రకం నేల ఫ్రాన్స్‌లోనే సాన్సేర్‌లోనూ ఉంది, అక్కడి సోవిన్యోన్ బ్లాంక్ షార్డొనేలా మారలేదు. 1976లో పారిస్‌లో పేర్లు దాచి జరిపిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియాకు చెందిన షాటో మాంటెలీనా 1973 షార్డొనేను, షాబ్లీ కూడా భాగమైన బర్గండీ ప్రాంతపు వైన్ల కంటే పైన నిలబెట్టారు. ఒక పోటీతో నేల పాత్ర కొట్టుకుపోదు, నిజమే. బర్గండీ సున్నపురాయి లేకుండా గొప్ప షార్డొనే రాదన్న మాట మాత్రం అక్కడే తేలిపోయింది.

షార్డొనే వైన్లలో చెప్పుకునే వెన్న వాసన సంగతి మరీ స్పష్టం. మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా పనిలో పుట్టే డైఎసిటైల్ అది. వనిల్లా వాసన ఓక్ పీపాది. రెండూ తయారీదారు ఎంచుకునేవే. అందుకే సీసా మీద శిలాజాల కథతో పాటు తోట వాలు ఎటు ఉంది, ఆ ఏడు వానలెలా పడ్డాయి, పులియబెట్టింది పీపాలోనా ఉక్కు తొట్టెలోనా అన్నవీ రాయాలి. కొనేవాడికి పనికొచ్చే సమాచారం అది.