కూలాక కాదు, క్షీణిస్తున్నప్పుడే కొలవాలి

గుజరాత్‌లోని మోర్బీ పట్టణంలో మచ్ఛు నదిపై నిర్మించిన వేలాడే వంతెన 2022 అక్టోబర్ 30న తెగిపడి 135 మందిని బలిగొంది. పంతొమ్మిదో శతాబ్దం నాటి ఆ వంతెనను మరమ్మతుల అనంతరం తిరిగి తెరిచిన నాలుగు రోజులకే ఈ ఘోరం సంభవించింది. ప్రత్యేక దర్యాప్తు బృందం ప్రాథమిక నివేదికలోని ఒక అంశం అందరినీ ఆలోచింపజేయాలి. తెగిన ప్రధాన కేబుల్‌లోని 49 ఉక్కు తీగల్లో 22 తుప్పుపట్టి ఉన్నాయనీ, అవి ప్రమాదానికి ముందే తెగిపోయి ఉండవచ్చనీ ఆ నివేదిక పేర్కొంది.

లెక్క చిన్నదే. 49 తీగలు పంచుకోవలసిన భారం 27 తీగలపై పడితే ఒక్కో తీగపై ఒత్తిడి 1.8 రెట్లవుతుంది. దూరం నుంచి చూసేవారికి మాత్రం అది అదే కేబుల్!

పైకి చెక్కుచెదరనట్లు కనిపించే పదార్థం లోలోపల భారం మోసే శక్తిని కోల్పోయే ఈ తీరును సోవియట్ శాస్త్రవేత్త కచనోవ్ 1958లో గణిత సూత్రంగా మలిచారు. డ్యామేజ్ మెకానిక్స్‌గా ఎదిగిన ఈ శాస్త్రంలో నష్టాన్ని సున్నా నుంచి ఒకటి వరకు గల సంఖ్యతో సూచిస్తారు. సున్నా అంటే చెక్కుచెదరని పదార్థం, ఒకటి అంటే పూర్తిగా విఫలమైనది. కట్టడాన్ని కంప్యూటర్‌లో వేలాది చిన్న ముక్కలుగా విభజించి ఒక్కొక్కదాని స్థితిని గణిస్తారు. క్షీణించే పదార్థాల విషయంలో ముక్కల పరిమాణం మారితే సమాధానమే మారిపోయే చిక్కు ఎదురైంది. ప్రతి ముక్కనూ పరిసర భాగాలతో కలిపి లెక్కించే పద్ధతులు 1980లలో దానికి పరిష్కారం చూపాయి.

ఈ గణితం చేసే హెచ్చరిక ఒక్కటే. నష్టం పెరిగితే మిగిలిన భాగంపై ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే నష్టం మరింత వేగం పుంజుకుంటుంది. ఏళ్ళ తరబడి మెల్లగా సాగిన క్షీణత చివరి దశలో ఒక్కసారిగా ఉధృతమవుతుంది. కనుక 'ఇన్నేళ్ళు నిలిచింది, ఇంకొన్నేళ్ళు నిలవదా' అన్న భరోసాకు అర్థం లేదు. వయసు ఒక్కటే కొలమానం కాదనడానికి వడోదర జిల్లాలోని గంభీరా వంతెనే నిదర్శనం. 1985లో ప్రారంభమైన ఆ వంతెన నాలుగు దశాబ్దాలకే, 2025 జూలై 9న కూలి కనీసం 20 మంది ప్రాణాలు తీసింది.

లోపం గణితంలో లేదు. దానికి అందవలసిన కొలతలు అందకపోవడంలోనే ఉంది. తుప్పు ఎంత తిన్నది, పగులు ఎంత సాగింది, రోజూ ఎంత బరువు పడుతోంది అన్న వివరాలు లేనిదే ఎంతటి సూత్రమైనా నిరుపయోగమే. మోర్బీలో చెక్క పలకల స్థానంలో అల్యూమినియం పలకలు పరిచి వంతెన బరువు పెంచారే తప్ప, తెరిచేముందు భార పరీక్ష జరపలేదని దర్యాప్తు బృందం తప్పుపట్టింది.

పాత వంతెనలన్నిటికీ నిర్ణీత కాలవ్యవధిలో కొలతలు తీసి, మిగిలిన సామర్థ్యాన్ని గణించి, ఫలితాలను ప్రజల ముందుంచాలి. ప్రమాదకరమని తేలిన వంతెనను తక్షణమే మూసివేసే అధికారం ఇంజనీర్లకు ఉండాలి. దుర్ఘటన జరిగాక నష్టపరిహారాలు ప్రకటించి విచారణలకు ఆదేశించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పాలకులు ఇకనైనా మేల్కొనాలి.