ఎన్నికల వ్యయ లెక్కల గడువు: ఓడిన అభ్యర్థికీ తప్పని బాధ్యత

కె.గంగవరం: ఓట్ల లెక్కింపు పూర్తయి, విజేతకు ధ్రువపత్రం అందజేసి, ఊరేగింపులు సద్దుమణగగానే ఎన్నికలు ముగిసినట్లు సాధారణంగా భావిస్తారు. చట్టం దృష్టిలో మాత్రం అవి అప్పటికి ముగియవు. బరిలో నిలిచిన ప్రతి అభ్యర్థీ, గెలిచినా, ఓడినా, చివరకు ధరావతు కోల్పోయినా, తాను చేసిన ఖర్చుకు లెక్క అప్పగించవలసి ఉంటుంది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో ఇందుకు ఫలితం వెలువడిన నాటి నుండి 30 రోజుల గడువు ఉన్నది. గ్రామ పంచాయతీ, మండల, జిల్లా పరిషత్ ఎన్నికలలో ఈ గడువు 45 రోజులు.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని కె.గంగవరం మండలం రామచంద్రపురం శాసనసభ నియోజకవర్గంలోను, అమలాపురం లోక్‌సభ నియోజకవర్గంలోను అంతర్భాగం. వార్డు సభ్యుడు మొదలుకొని సర్పంచి, మండల, జిల్లా ప్రాదేశిక సభ్యులు, శాసనసభ్యుడు, లోక్‌సభ సభ్యుని వరకు ఇక్కడి ఓటరు ఆరు పదవులకు ఓటు వేస్తాడు. ఆరింటిలోనూ పోటీ చేసినవారు లెక్క చెప్పవలసినదే. అయితే ఆ లెక్క ఎవరికి, ఎన్ని రోజులలో, ఏ పత్రంపై చెప్పాలన్న విషయంలో మాత్రం తేడాలున్నాయి.

ఇటీవలి సార్వత్రిక ఎన్నికలనే ఉదాహరణగా తీసుకోవచ్చు. రాష్ట్రంలో 2024 మే 13న పోలింగు జరిగి జూన్ 4న ఫలితాలు వెలువడ్డాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 78వ సెక్షన్ ప్రకారం అభ్యర్థులు జూలై 4వ తేదీలోగా జిల్లా ఎన్నికల అధికారికి, అంటే జిల్లా కలెక్టరుకు, లెక్కలు సమర్పించవలసి వచ్చింది. 2019లో మే 23న ఫలితాలు రాగా ఆ గడువు జూన్ 22తో ముగిసింది. అప్పట్లో ఈ మండలం తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నందున లెక్కల కట్టలు కాకినాడకు చేరేవి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడిన తరువాత వాటి గమ్యం అమలాపురమైంది. కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం మీదుగానో, యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో గౌతమిని దాటితే గాని అక్కడికి చేరలేరు. కనుక చివరి రోజు సాయంత్రం బయలుదేరే అలవాటున్నవారు ఈ సంగతిని కూడా దృష్టిలో ఉంచుకోవడం మంచిది.

ముప్పై రోజులన్న సంఖ్య ప్రాధాన్యం మరొక గడువుతో కలిపి చూసినప్పుడే తేటపడుతుంది. అదే చట్టంలోని 81వ సెక్షన్ ప్రకారం, ఎన్నికను సవాలు చేయదలచినవారు ఫలితం వెలువడిన 45 రోజులలోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ దాఖలు చేయాలి. ఓడిన అభ్యర్థికే గాక ఆ నియోజకవర్గపు సామాన్య ఓటరుకు సైతం ఈ హక్కు ఉన్నది. పరిమితికి మించి ఖర్చు చేయడాన్ని 123వ సెక్షన్ అవినీతికర చర్యగా పరిగణిస్తుంది. ఈ రెండు నిబంధనలను కలిపి చూస్తే, 30వ రోజున లెక్క దాఖలైన పక్షంలో, దానిని పరిశీలించి, అనుమానమున్న చోట ఆధారాలు సేకరించి న్యాయస్థానాన్ని ఆశ్రయించడానికి ఓటరుకు మిగిలేది 15 రోజులే. 2024లో ఆ వ్యవధి జూలై 4 నుండి జూలై 19 వరకు నడిచింది. పిటిషన్ గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం న్యాయస్థానానికి లేదని సుప్రీంకోర్టు 1974లో హుకుందేవ్ నారాయణ్ యాదవ్ కేసులో స్పష్టం చేసింది. కనుక అభ్యర్థి లెక్క ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఓటరు చేతిలోని ఆ పదిహేను రోజుల నుండే తరిగిపోతుంది. గడువును కేవలం కార్యాలయపు లాంఛనంగా చూడరాదనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఇక లెక్క స్వరూపం విషయానికి వస్తే, నామినేషన్ వేసిన రోజు నుండి ఫలితం ప్రకటించిన రోజు వరకు, ఆ రెండు రోజులను కలుపుకొని, జరిగిన వ్యయమంతా ఇందులోకి వస్తుంది. 2022 నుండి మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలు మించి ఖర్చు చేయరాదు. అభ్యర్థి నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందుగా ఎన్నికల వ్యయం కొరకు ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. పదివేల రూపాయలు దాటిన చెల్లింపులు నగదుగా జరుపరాదు. ఎన్నికల సంఘం ఇచ్చే రిజిస్టరులో తెల్ల కాగితాలపై రోజువారీ వ్యయాన్ని, గులాబీ కాగితాలపై నగదును, పసుపు కాగితాలపై బ్యాంకు లావాదేవీలను వేర్వేరుగా రాయాలి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఈ రిజిస్టరును వ్యయ పరిశీలకుల తనిఖీకి చూపాలి.

పల్లెలలో ఎన్నికల ఖర్చు పెద్ద పెద్ద పద్దులుగా కనిపించదు. షామియానా అద్దె, మైకు కట్టిన ఆటో, కార్యకర్తల టిఫిన్లు, జెండా కర్రలు, లంకలలో ప్రచారానికి మాట్లాడుకున్న పడవ కిరాయి వంటివన్నీ కలిసి మొత్తమవుతాయి. వీటిలో చాలావాటికి రసీదు అడిగే అలవాటు మనకు లేదు. అభ్యర్థి తక్కువ ధర వేసినంత మాత్రాన అధికారులు అంగీకరించరు. ఎందుకంటే షామియానా మొదలు భోజనం వరకు ధరల పట్టికను జిల్లా యంత్రాంగం ముందుగానే ప్రకటిస్తుంది. అంతేగాక నిఘా బృందాలు తీసిన వీడియోల ఆధారంగా అధికారులు ప్రతి అభ్యర్థికీ వేరొక లెక్కను సమాంతరంగా రాసుకుంటారు. కరపత్రంపై ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన సైతం ఈ సరిపోల్చుకొనే పనికి తోడ్పడుతున్నది. రెండు లెక్కలలో తేడా వచ్చిన పక్షంలో సరిచేసుకొనేందుకు ఫలితం వెలువడిన 26వ రోజులోగా ఒక సమావేశం ఏర్పాటు చేస్తారు. ఈ సమావేశానికి ఓడిన అభ్యర్థులు ముఖం చాటేయడం పరిపాటి. నిజానికి అది వారికి దొరికే చివరి అవకాశం.

లెక్కతో పాటు సంక్షిప్త వివరణ పత్రాన్ని, ప్రమాణ పత్రాన్ని అభ్యర్థి స్వయంగా సంతకం చేసి జతపరచాలి. ఏజెంటు సంతకంతో సరిపెట్టడం, ఓచర్లు లేకుండా మొత్తం మాత్రమే రాసి పంపడం వంటి లోపాలుంటే, సకాలంలో ఇచ్చిన లెక్కను కూడా నిర్దేశిత పద్ధతిలో లేనిదిగా పరిగణిస్తారు. రూపాయి కూడా ఖర్చు చేయలేదని చెప్పదలచినవారు ఆ మాటనే గడువులోగా లెక్క రూపంలో చెప్పాలి.

లెక్క ఇవ్వని పక్షంలో 10ఎ సెక్షన్ వర్తిస్తుంది. తగిన కారణం చూపలేని అభ్యర్థిని ఎన్నికల సంఘం మూడేళ్లపాటు పార్లమెంటుకు, ఏ రాష్ట్ర శాసనసభకైనా, శాసనమండలికైనా పోటీ చేయకుండా అనర్హునిగా ప్రకటించవచ్చు. గెలిచినవారికి సైతం ఇది వర్తిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ శాసనసభ్యురాలు ఉమ్లేశ్ యాదవ్, వార్తల రూపంలో వచ్చిన చెల్లింపు ప్రచారపు వ్యయాన్ని లెక్కలో చూపనందుకు 2011 అక్టోబరు 20న అనర్హురాలయ్యారు. లెక్క చేరినదా లేదా అన్నది మాత్రమే గాక, అది నిజమైనదా కాదా అని విచారించే అధికారం కూడా ఎన్నికల సంఘానికి ఉన్నదని 2014 మే 5న అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ మూడేళ్ల కాలం విషయంలో ఒక మెలిక ఉన్నది. అనర్హత గడువు తప్పిన తేదీ నుండి గాక, ఉత్తర్వు తేదీ నుండి మొదలవుతుంది. 2024లో లెక్క ఇవ్వని ఇద్దరు అభ్యర్థులను ఊహించుకుందాము. ఒకరిపై 2025లో ఉత్తర్వు వెలువడితే 2028లో అది తీరిపోతుంది. 2029 ఎన్నికలలో ఆయన నిరభ్యంతరంగా పోటీ చేయవచ్చు. రెండవవారిపై 2026 చివరలో వెలువడితే 2029 వేసవిలో ఆయన నామినేషన్ చెల్లదు. ఇరువురూ చేసిన తప్పు ఒకటే. దస్త్రం కదిలిన వేగాన్నిబట్టి శిక్ష బరువు మారడం ఈ ఏర్పాటులోని లోపమని చెప్పక తప్పదు.

స్థానిక సంస్థల ఎన్నికలలో ఈ చిక్కు మరింత ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం రాష్ట్ర ఎన్నికల సంఘానికి సైతం మూడేళ్లపాటు పోటీకి అనర్హత విధించే అధికారం ఉన్నది. 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో నాలుగు దశలుగా గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగాయి. తొలి దశలో ఫిబ్రవరి 9వ తేదీనే ఫలితం వచ్చిన చోట లెక్కల గడువు మార్చి 26తో ముగియగా, చివరి దశలో 21వ తేదీన ఫలితం వచ్చిన చోట అది ఏప్రిల్ 7 వరకు ఉన్నది. ఒకే జిల్లాలో పక్క పక్క డివిజన్ల వారికి వేర్వేరు తేదీలు వర్తించినందున, పొరుగు మండలం వారిని చూసి గడువు లెక్కించుకున్నవారు పొరబడే అవకాశం ఏర్పడింది.

మండల, జిల్లా పరిషత్ ఎన్నికలు ఇంకా విచిత్రమైన పరిస్థితిని తెచ్చిపెట్టాయి. ఆ ఎన్నికలకు నామినేషన్లు 2020 మార్చి 9 నుండి 11 వరకు స్వీకరించారు. కరోనా కారణంగా మార్చి 15న ప్రక్రియ నిలిచిపోయింది. ఏడాది దాటాక 2021 ఏప్రిల్ 8న పోలింగు జరిగింది. న్యాయస్థానంలో వివాదం నడిచి, మే 21న సింగిల్ జడ్జి ఇచ్చిన తీర్పుతో ఎన్నిక రద్దయి, సెప్టెంబరు 16న డివిజన్ బెంచి అనుమతించిన మీదట, సెప్టెంబరు 19న ఓట్లు లెక్కించారు. దాని ప్రకారం లెక్కల గడువు నవంబరు 3. అంటే ఒక ఎంపీటీసీ అభ్యర్థి 2020 మార్చిలో కట్టించిన ఫ్లెక్సీల బిల్లును 2021 నవంబరులో చూపవలసి వచ్చింది. మధ్యలో రెండు విడతలుగా కరోనా విజృంభించింది. ఆ ఇరవై నెలలపాటు చిన్న చిన్న రసీదులను భద్రపరచుకొనడం, అందునా ఓడినవారికి, ఎంత కష్టమో ఊహించవచ్చు. చట్టం ఊహించినది రెండు మూడు వారాల ప్రచారాన్ని గాని, పద్దెనిమిది నెలలకు పైగా సాగిన ఎన్నికను కాదు. ఇటువంటి సందర్భాలలోనే తగిన కారణం అన్న మాటకు విలువ ఏర్పడుతుంది. నోటీసు అందిన అభ్యర్థి మౌనంగా ఊరుకొనక, జరిగినదానిని రాతపూర్వకంగా వివరించి, ఉన్నంతవరకు లెక్కను జతపరచడం ఆయనకే శ్రేయస్కరం.

2021లో ఎన్నికైన సర్పంచుల అయిదేళ్ల పదవీకాలం 2026 ఏప్రిల్ తొలి రోజుల వరకు లెక్కకు వస్తుంది. ఆ తదుపరి పంచాయతీ ఎన్నికలలో నిలువదలచినవారు, గతంలో తమ పేరిట అనర్హత ఉత్తర్వు ఏదైనా వెలువడినదేమో మండల పరిషత్ కార్యాలయంలో ముందుగానే విచారించుకోవడం మేలు. నామినేషన్ల పరిశీలన నాడు అది బయటపడితే చేయగలిగేది ఏమీ ఉండదు.

రాజకీయ పార్టీలకు సైతం గడువులున్నాయి. కామన్ కాజ్ సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు దరిమిలా, శాసనసభ ఎన్నికల వ్యయాన్ని 75 రోజులలోగా, లోక్‌సభ ఎన్నికల వ్యయాన్ని 90 రోజులలోగా పార్టీలు కేంద్ర ఎన్నికల సంఘానికి తెలియజేయవలసి ఉన్నది. ఇరవై వేల రూపాయలు మించిన విరాళాల వివరాలను ఏటా ప్రకటించాలి. అయితే పార్టీ మొత్తం వ్యయానికి పరిమితి లేదు. గడువు తప్పిన పార్టీకి అభ్యర్థి మాదిరిగా అనర్హత అన్నది లేదు. నాలుగు వందల గడపల వార్డులో ఓడిన అభ్యర్థికి ఉన్నంత భయం పార్టీలకు లేదన్నమాట. 2025 ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో ఎన్నికల సంఘం గుర్తింపులేని పార్టీలను మొదట 334, తరువాత 474 జాబితా నుండి తొలగించడం, వరుసగా మూడు సంవత్సరాలు ఆడిట్ లెక్కలు ఇవ్వని మరో 359 పార్టీలపై చర్యకు ఉపక్రమించడం ఈ దిశలో చెప్పుకోదగిన పరిణామం. న్యాయస్థానం గట్టిగా నిలిస్తే గడువుకు ఎంత బలం వస్తుందో ఎన్నికల బాండ్ల వ్యవహారంలో కనిపించింది. 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టివేసిన సుప్రీంకోర్టు, వివరాలకు జూన్ 30 వరకు వ్యవధి కోరిన భారతీయ స్టేట్ బ్యాంకు వినతిని మార్చి 11న తోసిపుచ్చి, మరునాటి సాయంత్రానికే అప్పగించమని ఆదేశించింది. మార్చి 14న ఆ వివరాలు ప్రజల ముందుకు వచ్చాయి. సార్వత్రిక ఎన్నికల షెడ్యూలు వెలువడినది ఆ తరువాతనే.

ఇతర దేశాల విధానం ఇక్కడ పరిశీలించదగినది. బ్రిటన్‌లో పార్లమెంటు అభ్యర్థి ఫలితం తరువాత 35 రోజులలోగా లెక్క ఇవ్వాలి. మన పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది. అమెరికాలో ఫెడరల్ ఎన్నికల ప్రచార కమిటీలు మూడు నెలలకొకసారి నివేదిక ఇవ్వడమే గాక, పోలింగుకు 12 రోజుల ముందు మరొక నివేదిక దాఖలు చేయాలి. చివరి దినాలలో వెయ్యి డాలర్లు లేదా అంతకు మించి అందిన విరాళాన్ని 48 గంటలలోగా తెలియజేయాలి. అక్కడి ఓటరు ఓటు వేయకముందే లెక్క చూడగలడు. మన ఓటరు చేతికి పూర్తి లెక్క అందేది ఫలితం వచ్చిన తరువాతనే.

అలాగని ఇక్కడి ఓటరు చేతులు కట్టివేసినట్లు కాదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళి ప్రకారం, అభ్యర్థి లెక్క దాఖలైన రెండు రోజులలోగా, ఎవరి లెక్క ఏ తేదీన అందినదీ, దానిని ఎక్కడ, ఏ వేళలో చూడవచ్చునో తెలుపుతూ జిల్లా ఎన్నికల అధికారి తన కార్యాలయపు నోటీసు బోర్డుపై ప్రకటన అతికించాలి. ఒక్క రూపాయి రుసుము చెల్లించి ఎవరైనా ఆ లెక్కను పరిశీలించవచ్చు. నిర్ణీత రుసుముపై ధ్రువీకృత ప్రతిని పొందవచ్చు. తన ఊరిలో ఎన్ని సభలు జరిగాయో, ఎన్ని ఆటోలు తిరిగాయో, పేటలో ఎంతమందికి భోజనాలు పెట్టారో కోటిపల్లి ఓటరుకు తెలిసినంతగా అమలాపురంలోని గుమాస్తాకు తెలియదు.