నకిలీ పట్టాకు కులం లేదు, నష్టానికి ఉంది

నల్లకోటు తొడుక్కుని కోర్టు మెట్లెక్కే ప్రతి ఒక్కరూ న్యాయవాదేనా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అజయ్ శంకర్ శ్రీవాస్తవ దాఖలు చేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 10న నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం, దేశంలోని న్యాయవాదుల విద్యార్హతలను తనిఖీ చేయించడానికి జస్టిస్ దీపక్ గుప్తా అధ్యక్షతన ఉన్నతస్థాయి సంఘాన్ని ఏర్పాటు చేసింది. విశ్వవిద్యాలయాలు రుసుము వసూలు చేయకుండా పట్టాలను పరిశీలించి పంపాలని ఆదేశించింది. న్యాయవాదుల సంఖ్య సుమారు 25.70 లక్షలని అంచనా కాగా, పరిశీలనకు దరఖాస్తు ఇచ్చినవారు అందులో సగం కూడా లేరని అప్పటి లెక్కలు చెప్పాయి. అంతకు ముందే, 2015లో, భారత బార్ కౌన్సిల్ అధ్యక్షుడు మనన్ కుమార్ మిశ్రా దేశంలోని న్యాయవాదుల్లో 30 శాతం మంది నకిలీలని బహిరంగంగా ప్రకటించారు.

ఈ చర్చ అంతా వృత్తి గౌరవం చుట్టూనే తిరుగుతోంది. నకిలీల వల్ల అసలు న్యాయవాదుల పరువు పోతోందన్నది దాని సారాంశం. అది నిజమే కానీ సగం నిజం. పరువు పోయేది వకీళ్లకు; భూమి, కూలి, పరిహారం, ప్రాణం పోయేది కక్షిదారులకు. అందుకే నేను ఈ ప్రశ్నను ఢిల్లీ వైపు నుంచి కాక కరణ్‌కోట వైపు నుంచి చూస్తాను.

వికారాబాద్ జిల్లా తాండూరు మండలంలోని కరణ్‌కోటకు సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం వల్ల పేరు వచ్చింది. ఈ ప్రాంతమంతా నాపరాతి గనులు, బండలను నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, కంది చేలు. సరిహద్దు దాటితే కర్ణాటక. ఇలాంటి చోట వకీలు అవసరం ఎవరికి, ఎప్పుడు పడుతుంది? గనిలో బండ మీదపడి కాలు పోయిన కూలీకి పడుతుంది. నష్టపరిహారం కోసం అతడు చట్టం పెట్టిన గడువులోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారిపోయిన మాదిగ కుటుంబానికి పడుతుంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వారి పక్షానే ఉన్నా, ఆ చట్టాన్ని అధికారి ముందు పెట్టి వాదించే నోరు కావాలి. కులం పేరుతో తిట్టి కొట్టినవారి మీద కేసు పెట్టిన మాల యువకుడికి పడుతుంది. వీరిలో ఎవరికీ రెండో వకీలును పెట్టుకునే స్తోమత ఉండదు. మొదటివాడు నకిలీ అయితే కథ అక్కడితో ముగిసినట్టే.

దళితులు, ఆదివాసీలపై అత్యాచారాల నిరోధక చట్టాన్నే తీసుకుందాం. దాని 15వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టులో బాధితుల పక్షాన నియమించే న్యాయవాదికి కనీసం ఏడేళ్ల వృత్తి అనుభవం ఉండాలి. 2015లో సవరించాక చేరిన 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలు విచారణ సహా ప్రతి దశనూ ముందుగా తెలుసుకునే హక్కు, తన మాట వినిపించే హక్కు బాధితులకు ఉన్నాయి. చట్టం ఏడేళ్లు అని రాసింది. ఆ ఏడేళ్లు నిజమైన పట్టా మీద నిలబడినవేనా అన్నది చూడవలసింది వ్యవస్థ. ఆ చూపు మసకబారితే బాధితులకిచ్చిన హక్కులన్నీ కాగితం మీదే మిగులుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నియామకం చెల్లదని తర్వాత తేలిన సెషన్స్ న్యాయమూర్తులు అంతకు ముందు ఇచ్చిన తీర్పులు చెల్లుతాయా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. గోకరాజు రంగరాజు కేసులో 1981లో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు, అవి చెల్లుతాయని చెప్పింది. పదవిలో ఉన్న వ్యక్తి నియామకంలోని లోపానికి ప్రజలు, న్యాయవ్యవస్థ మూల్యం చెల్లించకూడదన్నది దాని తర్కం. తీర్పుల స్థిరత్వం కోసం అది అవసరమే. కానీ నకిలీ వకీలు చేతిలో ఓడిపోయిన కూలీ సంగతేమిటి? తీర్పు స్థిరంగానే ఉంటుంది, గడువు దాటిపోతుంది, ఆలస్యాన్ని మన్నించమని అతడే మళ్లీ కోర్టును వేడుకోవాలి, మళ్లీ ఖర్చు పెట్టాలి. కోర్టు స్థిరత్వాన్ని కాపాడే సూత్రం మనకుంది. కక్షిదారు నష్టాన్ని పూడ్చే ఏర్పాటు మాత్రం లేదు.

శిక్షల సంగతి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం 26వ సెక్షన్ కింద, మోసంతోనో ముఖ్యమైన వాస్తవాన్ని దాచో జాబితాలో చేరినవారి పేరును భారత బార్ కౌన్సిల్ తొలగించవచ్చు. అర్హత లేకుండా వృత్తి చేసేవారికి 45వ సెక్షన్ విధించే గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు. ఫోర్జరీకి శిక్షాస్మృతి కింద వేరే కేసు పెట్టవచ్చు, పెడుతున్నారు కూడా. 2015 జూన్‌లో ఢిల్లీ న్యాయశాఖ మంత్రి జితేందర్ సింగ్ తోమర్‌ను నకిలీ పట్టా ఆరోపణపై అరెస్టు చేశారు. విద్యార్హతను తప్పుగా ప్రకటించారన్న కారణంతో 2020 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆయన ఎన్నికను రద్దు చేసింది. కేరళలోని అలప్పుజలో న్యాయశాస్త్ర పట్టాయే లేని ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా కోర్టులో తిరిగి, బార్ అసోసియేషన్ పదవికి సైతం ఎన్నికైన సంగతి 2021లో బయటపడింది. ఒక్క ఢిల్లీలోనే 2019 నుంచి 2024 మధ్య 107 మంది నకిలీ న్యాయవాదుల పేర్లు తొలగించామని భారత బార్ కౌన్సిల్ ప్రకటించింది. సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో 2025లో ఒక హైకోర్టు న్యాయమూర్తి పట్టాయే వివాదంగా మారింది.

మంత్రి వ్యవహారంలో గానీ అలప్పుజ వ్యవహారంలో గానీ రిజర్వేషన్ ప్రస్తావనే లేదు. అయినా నకిలీ పట్టా వార్త వచ్చినప్పుడల్లా కోర్టు ఆవరణల్లో, టీ బంకుల దగ్గర మాట ఎటు మళ్లుతుందో మనకు తెలియనిది కాదు. "కోటా వకీళ్లు" అన్న వెటకారం వెంటనే వస్తుంది. తండ్రి, తాత వకీళ్లయిన ఇంటి నుంచి వచ్చినవారి పట్టాను ఎవరూ అడగరు. ఇంటిపేరే వారికి ధ్రువపత్రం. తండ్రి గనిలో బండలు కొట్టిన ఇంటి నుంచి వచ్చిన యువతి మాత్రం ఇంగ్లీషు ఉచ్చారణ దగ్గర్నుంచి పట్టా మీది ముద్ర దాకా అన్నీ రుజువు చేసుకోవాలి. దేశంలోని న్యాయవాదుల్లో 30 శాతం నకిలీలని గంపగుత్తగా అంకె చెప్పినప్పుడు ఆ అనుమానం అందరి మీదా సమానంగా పడదు. ముందునుంచీ అనుమానంగా చూస్తున్నవారి మీదే పడుతుంది.

నిజానికి ధ్రువపత్రాల మోసంలో దళితులు, ఆదివాసీలు తొలి బాధితులు. తప్పుడు కుల ధ్రువపత్రాల చరిత్రే అందుకు సాక్ష్యం. ఆదివాసీలు కానివారు ఆదివాసీ ధ్రువపత్రంతో వైద్యవిద్య సీటు పొందిన కుమారి మాధురీ పాటిల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు పరిశీలనా సంఘాల పద్ధతిని నిర్దేశించింది. అంతకు ఏడాది ముందే, 1993లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కుల ధ్రువపత్రాల జారీపై 16వ నంబరు చట్టం చేసి, తప్పుడు పత్రాన్ని రద్దు చేసే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. తప్పుడు పత్రంతో పొందిన ఉద్యోగాన్ని, సీటును ఏళ్లు గడిచాయన్న సాకుతో నిలుపుకోవడానికి వీల్లేదని 2017లో జగదీశ్ బలరాం బహీరా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ దొంగిలించినది మన వాటా. కాబట్టి తనిఖీ అంటే భయపడవలసిన అవసరం మనకు లేదు. కఠినమైన తనిఖీ కోరవలసినవారిలో మనమే ముందుండాలి. అయితే ఆ తనిఖీ ఎలా జరుగుతుందన్నది కూడా మనమే అడగాలి.

ఎందుకంటే మన కాగితాలు వేరు. పంతులు పలికిన తీరులో పేరు బడి రిజిస్టరులోకి ఎక్కుతుంది. పదో తరగతి మెమోలో ఒక అక్షరం మారుతుంది. డిగ్రీలో ఇంటిపేరు ముందుకో వెనక్కో జరుగుతుంది. పెళ్లయ్యాక స్త్రీల ఇంటిపేరే మారుతుంది. సరిదిద్దించాలని తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండరు. తాండూరు వైపు పిల్లలకు మరో ఇబ్బంది. ఇక్కడివారు సరిహద్దు దాటి కలబురగి వైపు చదువుకోవడం కొత్త కాదు. 1990లలో అక్కడ న్యాయశాస్త్రం చదివినవారి పట్టా గుల్బర్గా విశ్వవిద్యాలయానిది. 2009లో హుబ్బళ్లిలో కర్ణాటక రాష్ట్ర న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత చదివినవారి పట్టా దానిది. ఒకే కళాశాల, రెండు విశ్వవిద్యాలయాలు, పక్క రాష్ట్రం, వేరే భాష. పరిశీలన కోసం వెళ్లిన ఉత్తరానికి జవాబు రాకపోతే ఆ మౌనాన్ని ఎవరి తప్పుగా లెక్కిస్తారు?

ఇంకా ముఖ్యమైనది అనర్హతకూ మోసానికీ మధ్య ఉన్న తేడా. 1982లో హైదరాబాద్‌లో ఏర్పడి, ఇప్పుడు బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ చదవలేకపోయినవారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించింది. పగలు పని చేసి రాత్రి చదువుకున్న ఎందరో కార్మికులకు ఉన్నత విద్య తలుపు అలా తెరుచుకుంది. భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నియమావళి మాత్రం, పునాది చదువు లేకుండా నేరుగా సార్వత్రిక డిగ్రీ పొందినవారు న్యాయశాస్త్ర కోర్సులో చేరడానికి అర్హులు కారంటుంది. ఆ నియమం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ అలా చదివినవారి పట్టా నకిలీది కాదు. వారు ఎవరినీ మోసగించలేదు. చేర్చుకున్న కళాశాలకు, పరీక్ష పెట్టిన విశ్వవిద్యాలయానికి ఆ సంగతి తెలుసు. ముద్ర కొనుక్కున్నవాణ్ణీ చెమటోడ్చి చదివినవాణ్ణీ ఒకే జాబితాలో వేస్తే అది తనిఖీ కాదు, శిక్ష.

ఆలస్యం కూడా ఒక శిక్షే. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పదవులకు కనీసం మూడేళ్ల న్యాయవాద అనుభవాన్ని మళ్లీ తప్పనిసరి చేసింది. అంటే పట్టా మీది సందేహం తేలక ఒకరి పేరు ఆగిపోతే, ఆగిపోయేది పేరొక్కటే కాదు, న్యాయమూర్తి అయ్యే దారి. 2018 నుంచి 2025 మార్చి నాటికి నియమితులైన 715 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎస్సీలు 22 మంది, ఎస్టీలు 16 మంది, ఓబీసీలు 89 మంది అని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. పైమెట్టు మీద ఇంత తక్కువ మంది ఉన్నప్పుడు కిందిమెట్టు దగ్గర జరిగే ప్రతి జాప్యమూ సామాజిక ప్రశ్నే అవుతుంది.

ఈ చట్టాన్ని రాసినవారికి కులం సంగతి తెలుసు. న్యాయవాదుల చట్టం 24ఎ సెక్షన్ ప్రకారం అంటరానితనం నేరం కింద శిక్షపడినవారు న్యాయవాదిగా నమోదుకు అనర్హులు. 24వ సెక్షన్ నమోదు రుసుమును సాధారణంగా 750 రూపాయలుగా, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలుగా నిర్ణయించింది. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. చట్టం చెప్పిన మొత్తానికి మించి తీసుకోరాదని, అలా తీసుకోవడం బలహీన వర్గాలను వృత్తికి దూరం చేయడమేనని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తలుపు దగ్గర అధిక రుసుము అడ్డం పెట్టిన సంస్థలు, దొంగపట్టాలను అదే తలుపు గుండా ఎలా రానిచ్చాయో జవాబు చెప్పాలి.

చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. పరిశీలన ఫలితాలను మూడుగా విడదీయాలి: సరైనవి, సరిదిద్దవలసినవి, నకిలీవి. రెండో కోవలోనివారికి గడువూ సహాయమూ ఇవ్వాలి. మూడో కోవలో వేసేముందు కుల ధ్రువపత్రాల విషయంలో పాటిస్తున్నట్టే నోటీసు, విచారణ, అప్పీలు ఉండాలి. విశ్వవిద్యాలయం నిర్ణీత గడువులోగా జవాబు ఇవ్వకపోతే ఆ భారం న్యాయవాది మీద కాక విశ్వవిద్యాలయం మీద పడాలి. నకిలీ అని తుదిగా తేలినవారి పేరు, నమోదు సంఖ్య ఆ ప్రాంతపు కోర్టు నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. వకాల్తా మీద నమోదు సంఖ్యను, తనిఖీ జరిగిన తేదీని రాసి కక్షిదారుకు చదివి వినిపించాలి. నకిలీ వకీలు చేతిలో గడువు కోల్పోయినవారికి ఆ కాలాన్ని మినహాయించాలి, బార్ కౌన్సిల్ నిధి నుంచి పరిహారం ఇవ్వాలి. ఆరు నెలల శిక్షను పెంచాలి; పట్టా కొన్నవారితో పాటు అమ్మినవారినీ, ముద్ర వేసిన సిబ్బందినీ ముద్దాయిలుగా చేర్చాలి.

వికారాబాద్‌కు 2016లో జిల్లా వచ్చింది, ఆ తర్వాత జిల్లా కోర్టూ వచ్చింది. కోర్టు దగ్గరైనంత మాత్రాన న్యాయం దగ్గర కాదు. గనికూలీ వేలిముద్ర వేసి ఇచ్చే వకాల్తా అతడి దగ్గరున్న ఆఖరి ఆస్తి. దాన్ని అందుకునే చెయ్యి చట్టం ఒప్పుకున్న చెయ్యేనని హామీ ఇవ్వవలసిన బాధ్యత బార్ కౌన్సిల్‌ది, విశ్వవిద్యాలయాలది, కోర్టులది. ఆ పూచీ పడటం చేతకానప్పుడు అనుమానాన్ని మాత్రం మా వాడల మీదికి తోయడానికి వారికి హక్కు లేదు.