మూడు సైకిళ్లు, ఒక కారు, పండక్కి ఊరు

సంక్రాంతికి ఊరెళ్దాం అనగానే ఇంట్లో చిన్నవాళ్లు అడిగే మొదటి మాట, "మా సైకిళ్లు కూడా తీసుకెళ్దామా?" న్యాయమైన కోరికే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రౌండ్లు కొట్టి విసిగినవాళ్లకి కాలవ గట్టు గుర్తొస్తే వదులుతారా! తమ్ముడిదొకటి, చెల్లిదొకటి, "నేనూ తొక్కుతా" అంటూ నాన్నగారి గేర్ల సైకిల్ ఇంకోటి. కారేమో చిన్న హ్యాచ్‌బ్యాక్. "ఏ క్యారియర్ కొనాలో ఫోన్లో చూసి చెప్పరా" అని ఆ పని వచ్చి మీ నెత్తిన పడుతుంది.

మీరు రీల్స్ తెరుస్తారు. డల్లాస్‌లోనో, సియాటిల్‌లోనో పెద్ద ఎస్‌యూవీ వెనక నాలుగు సైకిళ్లు వరసగా నిలబడి ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ స్టాండు బరువంతా మోసేది కారు కింద ఛాసిస్‌కి బిగించిన హిచ్. అక్కడ ట్రైలర్లు లాగే అలవాటుంది కాబట్టి దానికి ఏర్పాటూ ఉంటుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లకి అలాంటిదేమీ రాదు. కాబట్టి ఆ వీడియోని లైక్ కొట్టి వదిలేయండి.

మనకి మిగిలేవి డిక్కీ తలుపుకి బెల్టులతో వేలాడే క్యారియర్, టాప్ మీద క్యారియర్, కారు లోపల.

డిక్కీ క్యారియర్ చవక, అందుకే అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. మూడు సైకిళ్లు పడతాయని డబ్బా మీద రాసి ఉండొచ్చు. ఒకసారి టేపు పెట్టి కొలవండి. పెద్దవాళ్ల సైకిల్ పొడవు మీటరు డెబ్భై సెంటీమీటర్ల పైమాటే. చిన్న కారు వెడల్పూ దాదాపు అంతే. అడ్డంగా కడితే చక్రం పక్కకి పొడుచుకొస్తుంది, వెనక నుంచి వచ్చే బైకు వాడికి అది కనిపించదు. నంబర్ ప్లేటు, బ్రేక్ లైట్లు సైకిళ్ల వెనక దాక్కుంటాయి. లోడు హద్దు దాటి పక్కకో వెనక్కో పైకో పొడుచుకొస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, లోడు దింపించే ఖర్చు అదనం. ఆ డబ్బుతో ఊళ్లోనే కొత్త సైకిల్ వచ్చేస్తుంది. ఇంకోటి, టైరు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా వేలాడితే ఆ వేడికి రబ్బరు పాడైపోతుంది.

టాప్ మీద అయితే లెక్క వేరు. కారుతో వచ్చిన మాన్యువల్ తీయండి (సీల్ కూడా విప్పి ఉండరు, నాకు తెలుసు). టాప్ మీద ఎంత బరువు పెట్టొచ్చో అందులో ఉంటుంది. యాభై కిలోలు అని ఉందనుకోండి. నాన్నగారి సైకిల్ పదహారు, తమ్ముడిది పద్నాలుగు, చెల్లిది పన్నెండు, అక్కడికే నలభై రెండు. రాడ్లు, స్టాండ్లు ఇంకో పదిహేను. యాభై ఏడు! క్యారియర్ బరువు కూడా ఆ యాభైలోదే అన్నది చాలామంది మర్చిపోయే సంగతి. కొన్ని కార్ల టాప్ మీది రెయిల్స్ అసలు అందానికే, బరువుకి కాదు. అదీ మాన్యువల్‌లోనే ఉంటుంది. గాలి సంగతి కూడా చూసుకోవాలి. అరవైలో వెళ్లేటప్పటి కంటే వందలో వెళ్లేటప్పుడు గాలి తోపు రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. కొక్కేలున్న రబ్బరు తాళ్లు ఆ తోపుకి సాగుతాయి. బకిల్ ఉన్న నైలాన్ బెల్టులే వాడాలి. ఎత్తు కూడా చూసుకోండి. కారు, సైకిల్ కలిపితే రెండున్నర మీటర్లు దాటుతుంది. హోటల్ సెల్లార్‌లోకి అలవాటుగా దించారో, అంతే సంగతులు.

నన్నడిగితే చిన్న సైకిళ్లు రెండూ చక్రాలు విప్పి లోపలే పెట్టండి. 14, 15 నంబర్ పానాలుంటే చాలు. పెడల్స్ కూడా విప్పితే బోలెడంత చోటు కలిసొస్తుంది. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక పానా మీద ఎక్కి తొక్కేవాళ్లున్నారు. డిస్క్ బ్రేక్ సైకిలైతే చక్రం తీశాక బ్రేక్ నొక్కకూడదు, ప్యాడ్లు అతుక్కుంటాయి. మధ్యలో అట్టముక్క పెట్టేస్తే బెంగ లేదు. సీటులో ఒక భాగం మడిచి, పాత దుప్పటి పరిచి, చైన్ ఉన్న వైపు పైకి పెట్టి పడుకోబెట్టండి. గట్టిగా కట్టాలి సుమా. సడన్ బ్రేక్ వేస్తే అవి ఎగిరొచ్చేది ముందు కూర్చున్న అమ్మ మీదకే.

నాన్నగారిది టాప్ మీద ఒక్కటే వెళ్లొచ్చు. లేదా ఇంట్లో ఎవరైనా రైల్లో వస్తుంటే, స్టేషన్ పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేస్తే బ్రేక్ వ్యాన్‌లో వచ్చేస్తుంది. పండగ రద్దీలో కాస్త ముందే వెళ్లాలి.

టాప్ మీద కడితే మాత్రం బెల్టులు చూసుకోవడానికి పంతంగి టోల్ దాకా ఆగకండి. పెద్ద అంబర్‌పేట దాటగానే బండి పక్కకి ఆపి ఒకసారి లాగి చూడండి. కొత్తగా కట్టిన బెల్టు మొదటి పది, ఇరవై కిలోమీటర్లలోనే వదులవుతుంది. స్టీరింగ్ దగ్గర "పైన సైకిల్ ఉంది" అని చీటీ అంటించండి.

ఇక తిరుగు ప్రయాణం. అరిసెల డబ్బా, జంతికల డబ్బా, పచ్చడి జాడీ, పాతిక కిలోల బియ్యం మూట. వద్దంటే అమ్మమ్మ ఊరుకోదు. అప్పుడు ఏదో ఒక సైకిల్ ఊళ్లో ఆగిపోవాల్సిందే. అది ఎవరిదో బయల్దేరేముందే ఇంట్లో తేల్చుకోండి. నా ఓటు నాన్నగారిదానికి. తాతయ్య ఎలాగూ పొద్దున్నే పాలకి నడిచే వెళ్తున్నారట.